అకాండంలో మరణవార్త: ‘మ్యాష్’ హాస్యధారావాహికలో హెన్రీ బ్లేక్ మృతి – ప్రేక్షకాభిప్రాయాల రసదృష్టి పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా టెలివిజన్ హాస్యధారావాహిక ‘మ్యాష్’ మూడవ సీజన్ చివరిభాగం ‘అబిసీనియా, హెన్రీ’ 1975 మార్చి 18న సిబిఎస్ సంస్థ ద్వారా ప్రసారమయింది. అందరినీ నవ్విస్తూ వచ్చిన ఒక ప్రధానపాత్ర మరణించినట్లు ఆ భాగం చివరి క్షణాల్లో ప్రకటించడంతో ప్రేక్షకులనుండి పెద్దసంఖ్యలో ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నిరసన ఉంది, మెప్పు కూడా ఉంది. ఆ అభిప్రాయాలను భారతీయ అలంకారశాస్త్రంలోని రసవిరోధం, అకాండప్రథనం, అకాండచ్ఛేదం, రసవిఘ్నం అనే భావనల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రేక్షకులు దోషాన్ని సరిగానే గుర్తించారని, అయితే అది ఉన్న చోటును మాత్రం పొరబడ్డారని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హాస్యధారావాహిక, ప్రేక్షకాభిప్రాయం, రసవిరోధం, అకాండప్రథనం, రసవిఘ్నాలు, స్మర్యమాణరసం, ప్రఖ్యాతం, ఉత్పాద్యం.

1. ఉపోద్ఘాతం

హాస్యానికి కరుణం విరోధి అని ఆలంకారికులు చెప్పారు. విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో హాస్యానికి భయానక కరుణాలను, కరుణానికి హాస్య శృంగారాలను విరోధులుగా పేర్కొన్నాడు. ఈ పట్టికను తెలుగు ఎం.ఏ. విద్యార్థి కంఠస్థం చేస్తాడు, పరీక్షలో రాస్తాడు, చాలాసార్లు అంతటితో మరచిపోతాడు. ఈ విరోధం శాస్త్రగ్రంథంలోని ఒట్టి విభజన కాదనీ, శాస్త్రం పేరైనా వినని సామాన్యప్రేక్షకుడు దాన్ని తన అనుభవంలోనే పట్టుకొని, నొచ్చుకొని, కలం తీసుకొని ఉత్తరం రాయగలడనీ చూపిన సందర్భాలు తక్కువ. 1975 వసంతకాలంలో అమెరికాలో అలాంటి సందర్భం ఒకటి ఏర్పడింది.

పరదేశపు టెలివిజన్ భాగాన్ని మన రసశాస్త్రంతో పరిశీలించడం ఎంతవరకు సబబు అనే ప్రశ్న రావచ్చు. రసచర్చ మొదటినుంచీ ప్రేక్షకుడి అనుభవాన్ని కేంద్రం చేసుకొన్నది. భరతుడు నాట్యసిద్ధిని నిర్ణయించేటప్పుడు ప్రేక్షకుల నవ్వును, కన్నీటిని, కేకలను, మౌనాన్ని లెక్కలోకి తీసుకొన్నాడు. తరువాతి ఆలంకారికులు మాత్రం క్రమంగా ‘సహృదయుడు’ అనే ఆదర్శప్రేక్షకుణ్ణి నిలబెట్టి, నిజంగా ఎదుట కూర్చున్న ప్రేక్షకుణ్ణి పక్కకు తప్పించారు. ఉత్తరం రాసే ప్రేక్షకుడు సహృదయుడా, కాదా? అతని అసంతృప్తిని విమర్శకుడు సాక్ష్యంగా స్వీకరించాలా, లేక అరసికత అని కొట్టివేయాలా? తెలుగు విశ్వవిద్యాలయ పరిశోధనలో టెలివిజన్ ధారావాహికలకు దక్కిన చోటు స్వల్పం. వాటి ప్రేక్షకుల అభిప్రాయాలకు దక్కినది మరీ స్వల్పం. అందువల్ల ఈ ప్రశ్న ఒక్క అమెరికన్ భాగానికి పరిమితమైనది కాదు.

2. ధారావాహిక, దాని ఒడంబడిక

రిచర్డ్ హుకర్ అనే కలంపేరుతో 1968లో వెలువడిన నవల, దాని ఆధారంగా రాబర్ట్ ఆల్ట్‌మన్ 1970లో తీసిన చలనచిత్రం ‘మ్యాష్’ ధారావాహికకు మూలాలు. ఇది 1972 సెప్టెంబరు 17న మొదలై 1983 ఫిబ్రవరి 28 వరకు పదకొండు సీజన్లు నడిచింది. కొరియా యుద్ధం జరిగింది మూడేళ్లు; దానిమీద తీసిన హాస్యధారావాహిక పదకొండేళ్లు సాగింది. యుద్ధరంగానికి సమీపంలో గుడారాల్లో నడిచే సైనిక శస్త్రచికిత్సాలయం ఇందులోని కథాస్థలం. గాయపడిన సైనికులు హెలికాప్టర్లలో, అంబులెన్సుల్లో వస్తూనే ఉంటారు. డాక్టర్లు రక్తంలో చేతులు ముంచి పనిచేస్తూ, ఆ పని మధ్యలోనూ తరువాతా హాస్యమాడుతూ ఉంటారు. కథాకాలం కొరియాదే అయినా, మొదటి సీజన్లు ప్రసారమైన కాలం వియత్నాం యుద్ధానిది. చూసేవారికి ఆ సంగతి ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

కథాపరంగా హాస్యధారావాహికకు ఒక ఒడంబడిక ఉంటుంది. వారం వారం ఒక చిక్కు వస్తుంది, అరగంటలో విడిపోతుంది, పాత్రలన్నీ మొదటి స్థితికే చేరుకుంటాయి. తెలుగులో 2001లో జెమినీ టీవీలో మొదలైన ‘అమృతం’ను చూసినవారికి ఈ పద్ధతి పరిచితమే. ఎంత ఘోరంగా బోల్తాపడినా అమృతరావు తరువాతి వారానికి మళ్లీ కొత్త పథకంతో సిద్ధంగా ఉంటాడు. పాత్రకు జ్ఞాపకం తక్కువ, గాయం నిలవదు, చావు రాదు. ప్రేక్షకుడు అరగంట మనసును అప్పగించేది ఈ హామీ మీదనే. సాహిత్యాన్ని పాఠకుడు ఏ అంచనాలతో అందుకొంటాడో పరిశీలించిన జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యాస్ ‘అపేక్షాక్షితిజం’ అన్నది ఇటువంటి హామీల మొత్తాన్నే.

లెఫ్టినెంట్ కర్నల్ హెన్రీ బ్లేక్ ఆ శస్త్రచికిత్సాలయానికి అధిపతి. అధికారం చేతిలో ఉన్నా దాన్ని ఎలా వాడాలో తెలియని మనిషి, మంచి డాక్టరు, చేపల వేట అంటే ఇష్టం, ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో భార్యాబిడ్డలు. మెక్లీన్ స్టీవెన్సన్ ఈ పాత్రను ధరించాడు. మూడవ సీజన్‌తో ఆయన ధారావాహికను వదిలి వెళ్లాలని నిశ్చయించుకోవడంతో పాత్రకు వీడ్కోలు పలకవలసి వచ్చింది. ఆ వీడ్కోలు కోసం ఎవరెట్ గ్రీన్‌బామ్, జిమ్ ఫ్రిట్జెల్ రచించి, లారీ గెల్బార్ట్ దర్శకత్వం వహించినదే డెబ్బైరెండవ భాగమైన ‘అబిసీనియా, హెన్రీ’. శీర్షికలో శ్లేష ఉంది. ‘మళ్లీ కలుద్దాం’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటను వేగంగా పలికితే ఆ దేశనామంలా వినిపిస్తుంది. పాత తరం అమెరికన్లు సరదాగా వాడుకొన్న పలుకుబడి అది.

భాగంలో అధికభాగం హాస్యమే. హెన్రీకి ఇంటికి వెళ్లే ఉత్తర్వు వస్తుంది. మిత్రులు విందు చేస్తారు, కొత్త సూటు బహూకరిస్తారు. బయలుదేరేటప్పుడు మేజర్ మార్గరెట్‌ను అతడు గాఢంగా ముద్దుపెట్టుకుంటాడు. తన గుమాస్తా రేడార్ చేసిన వందనానికి బదులిచ్చి, అతణ్ణి కౌగిలించుకుంటాడు. హెలికాప్టర్ వెళ్లిపోతుంది. ఇక్కడ ముగిసి ఉంటే అది చక్కని వీడ్కోలు భాగంగా మిగిలేది. తరువాత ఆపరేషన్ థియేటర్ దృశ్యం వస్తుంది. డాక్టర్లందరూ ముఖాలకు మాస్కులతో పనిలో ఉంటారు. రేడార్ మాస్కు లేకుండా లోపలికి వస్తాడు. మాస్కు పెట్టుకొమ్మని ఒక డాక్టరు హెచ్చరిస్తాడు. రేడార్ చేతిలోని కాగితం చదువుతాడు: హెన్రీ ప్రయాణిస్తున్న విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చివేశారు, ఎవరూ బతకలేదు. ఎవరూ మాట్లాడరు. ఒక పరికరం కిందపడిన చప్పుడు వినిపిస్తుంది. చేతులు మళ్లీ పనిలోకి వెళతాయి.

ఈ చివరిపుటను గెల్బార్ట్ నటులకు ముందుగా ఇవ్వలేదు. మిగిలిన దృశ్యాల చిత్రీకరణ పూర్తయిన తరువాతనే చేతికిచ్చాడు. ముందుగా తెలిసిన నటుడు అలన్ ఆల్డా ఒక్కడే. పరికరం జారిపడటం కూడా చిత్రీకరణలో అనుకోకుండా జరిగినదే, దాన్ని అలాగే ఉంచారు. నటులు సైతం ఆ వార్తకు ఒక విధంగా ప్రేక్షకులే అయ్యారు.

3. ఉత్తరాలలోని రెండు స్వరాలు

ప్రసారం తరువాత వచ్చిన ఉత్తరాల గురించి లోకానికి తెలిసిన విషయాలు ఎక్కువగా గెల్బార్ట్, నిర్మాత జీన్ రేనాల్డ్స్ తరువాతి కాలంలో చెప్పినవి. వారు అనేక ఉత్తరాలకు స్వయంగా సమాధానాలు కూడా రాశారు. ఈ సాక్ష్యాన్ని వాడుకొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. నిందకు గురైనవారే నిందను నివేదిస్తున్నారు. తమ సమాధానం గట్టిగా నిలబడేలా అభ్యంతరాన్ని మలచుకొనే అవకాశం వారికి ఉంది. అయినప్పటికీ రెండు స్వరాలు స్పష్టంగానే తెలుస్తాయి.

మొదటిది నిరసన. ఇది హాస్యకార్యక్రమం, కుటుంబమంతా కూర్చొని చూసేది, నవ్వుకోవడానికి కూర్చున్నవారిని ఇలా దెబ్బతీయడం అన్యాయం అన్నది దాని సారం. దీనిలో కథ బాగాలేదన్న ఫిర్యాదు లేదు. పాత్ర చచ్చిపోయినందుకు దుఃఖం ఉంది, చెప్పకుండా చంపినందుకు కోపం ఉంది. ఈ రెంటిలో రెండవదే బలమైనది. రెండవ స్వరం మెప్పు. యుద్ధం గురించి ఇంతకాలం నవ్విస్తూ వచ్చిన కార్యక్రమం చివరికి నిజం చెప్పిందన్న మెప్పు అది.

రేనాల్డ్స్ తమ నిర్ణయాన్ని సమర్థించుకొన్న తీరు ప్రసిద్ధం. హెన్రీ క్షేమంగా బ్లూమింగ్టన్ చేరి, తన పాత సుఖజీవితంలో స్థిరపడ్డాడని చూపడం తమకు ఇష్టం లేదనీ, ఎందరో మనుషులు తమ తమ బ్లూమింగ్టన్‌లకు తిరిగి చేరనేలేదనీ ఆయన వాదన. ఇది నైతికమైన సమాధానం, గౌరవించదగినది. కానీ ప్రేక్షకుడి అభ్యంతరం నైతికమైనది కాదు, రసపరమైనది. యుద్ధంలో మనుషులు చస్తారని అతనికి తెలుసు. ఈ రాత్రి, ఈ గంటలో, ఈ కార్యక్రమంలో, ఈ విధంగా ఎందుకు అన్నది అతని ప్రశ్న. దానికి నిర్మాతలు సమాధానం చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత విమర్శది.

4. అకాండప్రథనమా, అకాండచ్ఛేదమా?

మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో చెప్పిన రసదోషాలలో రెండు ఇక్కడ పనికివస్తాయి. అనుచితసమయంలో ఒక రసాన్ని విస్తరించడం అకాండప్రథనం. ‘వేణీసంహారం’ ద్వితీయాంకంలో వీరులు నేలకొరుగుతున్నవేళ దుర్యోధనుడు భానుమతితో శృంగారం నెరపడం దానికి ఉదాహరణ. రసం పండుతున్నవేళ దాన్ని తెంచివేయడం అకాండచ్ఛేదం. ‘మహావీరచరితం’లో రామ పరశురాముల వీరం పతాకస్థాయికి చేరినప్పుడు రాముడు కంకణమోచనానికి వెళతాననడం దానికి ఉదాహరణ. ఈ రెండింటికీ ధ్వన్యాలోకం తృతీయోద్యోతమే మూలం.

నిరసన తెలిపిన ప్రేక్షకుడు శాస్త్రపరిభాష లేకుండానే ఈ రెండు దోషాలనూ ఆరోపించాడు. నవ్వును నడిమధ్యలో తెంచారు అన్నప్పుడు అది అకాండచ్ఛేదం. ఏడుపును వేళకాని వేళ తెచ్చిపెట్టారు అన్నప్పుడు అకాండప్రథనం. వర్ణనగా అతడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ భాగంలో కరుణానికి ముందస్తు విభావాలు లేవు. ప్రయాణం గురించిన అపశకునం లేదు, హెన్రీ ముఖంలో నీడ లేదు, సంగీతంలో హెచ్చరిక లేదు. రచయితలు కావాలనే ఆ సూచనలన్నిటినీ తొలగించారు. నటులకు సైతం చివరిపుట దాచడం ఆ తొలగింపులో భాగమే.

ఇక్కడే ‘వేణీసంహారం’ ఉదాహరణను మరొకసారి చూడవలసి ఉంది. దుర్యోధనుడి శృంగారం దోషం ఎందుకయింది? చుట్టూ యుద్ధం ఉన్నందువల్ల. ఇదే కొలతతో చూస్తే ‘మ్యాష్’లో అకాండమైనది ఏది? చుట్టూ శవాలూ, తెగిన అవయవాలూ ఉండగా మూడు సీజన్లపాటు సాగిన నవ్వు కదా! డెబ్బైఒక్క భాగాలలో ప్రతివారమూ ఎవరో ఒక అనామక సైనికుడు బల్ల మీద పడుకొని ఉండగానే హాస్యం నడిచింది. అప్పుడు ఇంతటి అలజడి రేగలేదు. ప్రేక్షకుడు అకాండహాస్యానికి ఎంతగా అలవాటుపడ్డాడంటే, సముచితమైన కరుణం వచ్చినప్పుడు అదే అకాండంగా తోచింది. దోషం ఉంది, కానీ అది చివరి రెండు నిమిషాలలో లేదు. వెనకటి మూడేళ్లలో ఉంది. చివరి రెండు నిమిషాలు ఆ దోషాన్ని బయటపెట్టాయి.

ఈ అలవాటు ఎలా ఏర్పడుతుందో తెలుగు జానపద ప్రదర్శనకళ ఒకటి చక్కగా తెలియజేస్తుంది. తోలుబొమ్మలాటలో రామాయణ యుద్ధఘట్టం మధ్యలోనైనా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించి పోతారు. వారు కథకు వెలుపలివారు. రావణుడి బాణం కేతిగాడికి తగలదు. అందుకే ఆ హాస్యం కరుణ వీరాలకు విరోధం కాక విశ్రాంతి అవుతుంది. ‘మ్యాష్’ ప్రేక్షకుడు హెన్రీ బ్లేక్‌ను ఈ కేతిగాడి కోవలో చేర్చుకొన్నాడు. యుద్ధం బల్ల మీద పడుకొన్నవారిని తాకుతుంది, బల్ల పక్కన నిలబడి హాస్యమాడేవారిని తాకదు అని నమ్మాడు. హెన్రీ మరణంలో అతన్ని దెబ్బతీసింది ఈ గీత చెరిగిపోవడం.

ఆ గీత నిలవదన్న సంగతిని ధారావాహిక అంతకుముందే చెప్పి ఉంది. మొదటి సీజన్‌లో డాక్టర్ హాకై మిత్రుడు ఒకడు అదే ఆపరేషన్ థియేటర్‌లో మరణించినప్పుడు, యుద్ధంలో కుర్రవాళ్లు చనిపోవడం ఎవరూ తప్పించలేనిదనీ, డాక్టర్లు ఆ నియమాన్ని మార్చలేరనీ ఓదార్చింది స్వయంగా హెన్రీ బ్లేకే. ఆ మాటను బీజంగా గ్రహిస్తే చివరి వార్త పూర్తిగా నిర్బీజమైనది కాదు. అయితే 1973 జనవరిలో ప్రసారమైన ఒక మాట 1975 మార్చిలో ప్రేక్షకుడికి గుర్తుండాలని ఆశించడం అత్యాశ. వీడియో రికార్డర్లు ఇంకా ఇళ్లలోకి రాని కాలం అది. కాబట్టి బీజం ఉన్నదన్న వాదనతో నిరసనకారులను తోసిపుచ్చడం న్యాయం కాదు.

వార్త చెప్పిన పద్ధతి గురించి ఒక మాట. అంకంలో వధను ప్రత్యక్షంగా చూపరాదని, అవసరమైతే అర్థోపక్షేపకాల ద్వారా సూచించాలని మన నాట్యశాస్త్ర సంప్రదాయం. ఈ భాగంలో కూలిన విమానం కనబడదు. ఒక గుమాస్తా కాగితం చదువుతాడు, అంతే. నియమం తెలియనివారు నియమాన్ని పాటించారు. అయితే ఫలితం మాత్రం తారుమారయింది. చూపకపోవడం వల్ల ఉద్వేగం తగ్గాలన్నది సంప్రదాయపు ఉద్దేశం. ఇక్కడ చూపకపోవడమే దెబ్బను పదునెక్కించింది. శవం లేదు, అంత్యక్రియ లేదు, ఏడవడానికి విరామం కూడా లేదు. బల్ల మీద మరొకడు పొట్ట తెరిచి పడుకొని ఉన్నాడు.

5. రికార్డు చేసిన నవ్వు, నిజమైన మౌనం

ప్రేక్షకాభిప్రాయం ప్రసారం తరువాత ఉత్తరాలలో మాత్రమే వచ్చేది కాదు. ఆనాటి అమెరికన్ హాస్యధారావాహికలలో అది ముందుగానే తయారై ధ్వనిపథంలో ఉండేది. ఎక్కడ నవ్వాలో చెప్పే రికార్డు నవ్వును ‘మ్యాష్’కు కూడా జోడించాలని సిబిఎస్ పట్టుపట్టింది. గెల్బార్ట్, రేనాల్డ్స్ దాన్ని వ్యతిరేకించి, చివరికి ఆపరేషన్ థియేటర్ దృశ్యాలలో ఆ నవ్వు ఉండకూడదన్న ఒప్పందాన్ని మాత్రం సాధించారు. బ్రిటన్‌లో బిబిసి ఈ ధారావాహికను ఆ నవ్వు లేకుండానే ప్రసారం చేసింది.

ఈ చిన్న ఒప్పందం రసదృష్టితో చాలా పెద్దది. నవ్వు వినిపించే గుడారం ఒకటి, వినిపించని గుడారం ఒకటి అని కథాస్థలం రెండుగా చీలింది. హెన్రీ వీడ్కోలు మొదటి లోకంలో జరిగింది. అతని మరణవార్త రెండవ లోకంలో వినిపించింది. అరగంటగా తనతోపాటు నవ్విన అదృశ్యజనం ఒక్కసారి మాయమైనప్పుడు ప్రేక్షకుడు గదిలో ఒంటరివాడవుతాడు. ఆ మౌనంలో పరికరం పడిన చప్పుడు అంతగా వినిపించడానికి కారణం ఇదే. నిరసనలోని ‘చెప్పకుండా’ అన్న ఆరోపణకు మూలం కూడా కొంత ఇక్కడే ఉంది: ఎప్పుడు ఎలా స్పందించాలో అంతవరకు చెబుతూ వచ్చిన యంత్రం, అవసరమైనప్పుడు ఏమీ చెప్పకుండా వెళ్లిపోయింది.

అదే సంవత్సరం అక్టోబరు 25న అదే సిబిఎస్‌లో ప్రసారమైన ‘మేరీ టైలర్ మూర్ షో’ భాగం ‘చకిల్స్ బైట్స్ ది డస్ట్’ దీనికి విలోమం. వేరుశనగకాయ వేషంలో ఊరేగింపుకు వెళ్లిన విదూషకుణ్ణి ఏనుగు చంపుతుంది. మిత్రులంతా దానిమీద హాస్యమాడుతుంటే మేరీ కోప్పడుతుంది. తీరా అంత్యక్రియలో అందరూ గంభీరంగా ఉన్నవేళ ఆమెకే నవ్వు ఆగదు. నవ్వవచ్చునని ప్రసంగించేవాడు అనుమతించగానే ఏడుస్తుంది. ఇక్కడా చావు ఉంది, ఇక్కడా అకాండహాస్యం ఉంది, అయినా ఈ భాగం ప్రేక్షకులకు ప్రీతిపాత్రమయింది. చచ్చినవాడు తెరమీద అంతగా కనిపించనివాడు కావడం ఒక కారణం. అంతకన్న ముఖ్యమైనది, అకాండత్వాన్ని కథే గుర్తించి మేరీ మీద ఆరోపించింది. తప్పు చేసింది పాత్ర, ప్రేక్షకుడు కాదు. ‘అబిసీనియా, హెన్రీ’లో ఆ తప్పు మోయడానికి పాత్ర ఎవరూ లేరు. నవ్వినవాడు ప్రేక్షకుడే.

6. వియత్నాం నీడలో రసవిఘ్నం

అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో నిజసుఖాదివివశీభావం ఒకటి. సొంత సుఖదుఃఖాలలో మునిగిన ప్రేక్షకుడికి రసం సిద్ధించదు. 1975 మార్చి నాటి అమెరికన్ ప్రేక్షకులలో వియత్నాంనుండి కొడుకులు తిరిగిరాని తల్లిదండ్రులు ఉన్నారు. రేడార్ చదివిన కాగితం వంటిదే వారి గుమ్మానికీ వచ్చింది. వారిని సహృదయులు కారనడం శాస్త్రం దృష్టితో సరైనదే కావచ్చు, కానీ మానవత్వంతో చూస్తే క్రూరం. సాధారణీకరణం జరగకపోవడానికి వారి అరసికత కారణం కాదు. కళ వారి బతుకుకు ఎడం లేనంత దగ్గరగా వచ్చింది.

ఈ భాగం ప్రసారమైన పదిహేడు రోజులకు, ఏప్రిల్ 4న, వియత్నామీ అనాథబాలలను తరలిస్తున్న అమెరికన్ సైనికవిమానం సైగాన్ సమీపంలో కూలి, పిల్లలతో సహా వందమందికి పైగా మరణించారు. ఏప్రిల్ 30న సైగాన్ పతనమయింది. కల్పిత విమానం కూలినప్పుడు కలిగిన క్షోభనూ, నిజమైన విమానం కూలినప్పుడు కలిగిన క్షోభనూ పోల్చి ప్రేక్షకులను కపటులని నిందించడం సులభం. రసశాస్త్రం మాత్రం ఆ నింద వేయదు. తెలిసిన ముఖానికి కలిగిన దుఃఖం, తెలియని ముఖాల సంఖ్యకు కలగకపోవడమే కళకు ఉన్న అవసరం. హెన్రీ బ్లేక్ అనే లేని మనిషిని మూడేళ్లపాటు ప్రతివారం ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకొన్నారు కనుక అతని కోసం ఉత్తరం రాశారు. నిరసన లేఖ కూడా ఒక అనుభావమే. శోకం కోపంగా వెలువడటం లోకంలో అరుదేమీ కాదు.

7. స్మర్యమాణహాస్యం

మరణవార్త తరువాత భాగం అక్కడితో ఆగదు. వెనకటి భాగాలనుంచి హెన్రీ నవ్విన, నవ్వించిన దృశ్యాల ముక్కలు వరసగా వస్తాయి. కొందరికి ఇది దెబ్బమీద పూసిన తేనెలా, అనవసరమైన ఉపశమనంగా తోచవచ్చు. ఆపరేషన్ థియేటర్ మౌనం మీద తెర దించి ఉంటే భాగం మరింత కఠినంగా, మరింత నిజాయితీగా ఉండేదన్న వాదనకు బలం ఉంది. కానీ ఆలంకారికుల మార్గంలో చూస్తే ఈ ముక్కలకు గట్టి సమర్థన దొరుకుతుంది.

స్త్రీపర్వంలో భూరిశ్రవుడి తెగిన చేతిని చూసి అతని భార్య ఆ చేయి ఒకప్పుడు తనతో నెరపిన శృంగారచేష్టలను తలచుకొని విలపిస్తుంది. శృంగారం కరుణానికి విరోధి అయినా, స్మరణలో అంగంగా వచ్చినందువల్ల అది కరుణాన్ని పోషిస్తుందని ఆనందవర్ధనుడూ, మమ్మటుడూ ఈ ఘట్టాన్ని ఉదాహరించారు. హెన్రీ నవ్వుల ముక్కలు సరిగ్గా ఈ స్మర్యమాణ విరోధిరసాలే. అరగంట ముందు చూస్తే హాస్యం, ఇప్పుడు చూస్తే కరుణానికి అంగం. దృశ్యం మారలేదు, దాని స్థానం మారింది.

అయితే ఒక భేదం ఉంది, అది కీలకమైనది. స్త్రీపర్వంలో స్మరించేది భూరిశ్రవుడి భార్య. ఆ శోకానికి ఆశ్రయం కథలోనే ఉంది. ఇక్కడ ఏ పాత్రా స్మరించడం లేదు. రేడార్ కన్నుల వెంట ఆ దృశ్యాలు తిరుగుతున్నట్లు చూపలేదు. వాటిని స్మరిస్తున్నది ప్రేక్షకుడే. అంటే భాగం చివరిలో ఆశ్రయస్థానం ప్రేక్షకుడి మీద పడింది. పాత్రలు పనిలో ఉన్నాయి, ఏడవలేవు. ఏడవవలసిన పని ఇంటిలో కూర్చున్నవారికి అప్పగించబడింది. ఆ ఉత్తరాలను ఈ వెలుగులో చదివితే అవి విమర్శలేఖలుగా కన్నా విలాపంగానే ఎక్కువగా అర్థమవుతాయి.

8. ఉత్పాద్యం ప్రఖ్యాతమైనప్పుడు

నేటికీ ఈ ధారావాహిక పునఃప్రసారాలలో చూడబడుతూనే ఉంది. తరువాతి తరాల ప్రేక్షకులలో నిరసన స్వరం దాదాపు అణగిపోయింది. టెలివిజన్ చరిత్రలోని గొప్ప భాగాలలో ఒకటిగా దీన్ని లెక్కించడం పరిపాటి అయింది. అభిరుచి పెరిగిందని, 1975 ప్రేక్షకుడికి అర్థంకానిది నేటి ప్రేక్షకుడికి అర్థమైందని దీనికి కారణం చెప్పడం తొందరపాటు. మారింది అభిరుచి కాదు, ఇతివృత్తపు జాతి. 1975లో హెన్రీ కథ ఉత్పాద్యం. ముందేమవుతుందో ఎవరికీ తెలియదు. నేడు అది ప్రఖ్యాతం. హెన్రీ బ్లేక్ తిరిగి ఇంటికి చేరడని ధారావాహిక మొదలుపెట్టకముందే చాలామందికి తెలుసు.

ప్రఖ్యాతకథలో అకాండదోషానికి తావు తక్కువ. తిక్కన ద్రోణపర్వం వినే తెలుగు శ్రోతకు అభిమన్యుడు పద్మవ్యూహంనుండి బయటికి రాడని తెలుసు. ఆ తెలివిడి వల్లనే బాలుడు రథమెక్కుతూ పలికే ఉత్సాహపు మాటలు వీరంగా వినిపిస్తూనే గుండెను పిండుతాయి. రచయితలు తొలగించిన సూచనలను తెలిసిన ప్రేక్షకుడు తనంతట తానే పూరించుకొంటాడు. కొత్త సూటు, కౌగిలి, శీర్షికలోని శ్లేష అతనికి విభావాలై నిలుస్తాయి. ‘మళ్లీ కలుద్దాం’ అన్న మాట 1975 మార్చి 18 రాత్రి హాస్యంగా వినిపించింది, చివరి రెండు నిమిషాలలో విపరీతార్థాన్ని తెచ్చుకొంది. తెలిసి చూసేవాడికి అది మొదటి అక్షరంనుంచే విపరీతం. అంతేకాదు, ఈ తెలివిడి వెనక్కి కూడా వ్యాపిస్తుంది. మొదటి సీజన్‌లో హెన్రీ వెర్రిమొర్రి చేష్టలు చూసి నవ్వుతున్నప్పుడు కూడా ఆ నవ్వు మీద ఒక పలుచని నీడ ఉంటుంది.

దీనివల్ల లాభించినది కరుణం. పోయినది మాత్రం సామాన్యమైనది కాదు. నేటి ప్రేక్షకుడు తన నవ్వు అకాండమని పట్టుబడడు, ఎందుకంటే అతడు మొదటినుంచీ జాగ్రత్తపడి నవ్వుతాడు. 1975లో నిరసన తెలిపినవారు మాత్రమే ఆ పట్టుబడటాన్ని పూర్తిగా అనుభవించారు. భాగం చేయదలచిన పని వారిమీదనే నెరవేరింది. వారి కోపాన్ని అరసికతగా లెక్కగట్టి, తరువాతి వారి ప్రశంసను సహృదయతగా పరిగణించే విమర్శ, ఏ ప్రేక్షకుడు కళకు ఎక్కువ దగ్గరగా కూర్చున్నాడో పొరబడుతుంది. ధారావాహికను తమ పిల్లలకు మొదటిసారి చూపించేటప్పుడు హెన్రీ సంగతి ముందుగా చెప్పాలా, దాచాలా అన్న సందిగ్ధం పాత ప్రేక్షకులకు ఎదురుకాక తప్పదు. దాచడానికి నిశ్చయించుకొన్నవారు గెల్బార్ట్ నటులకు ఇవ్వకుండా అట్టిపెట్టిన ఆ చివరిపుటను తమ చేతుల్లోకి తీసుకొంటున్నారు.